రైలు పువ్వు పూయని ఏడాది

గడ్డలకు చేపల వాసన ఉండాలి. నేనీ మాట అంటే మా కోడలు నవ్వుతుంది.

మొన్న కొరియరులో ఒక అట్టపెట్టె వచ్చింది. ఫోనులో బొమ్మ చూసి ముచ్చటపడి తెప్పించుకున్న పూలగడ్డలు. రంపపు పొట్టులో ఒక్కొక్కదాన్నీ విడివిడిగా సర్ది, నోరు తిరగని పేర్లు చీటీల మీద రాసి కట్టారు. నేను పేర్ల జోలికి పోకుండా ఒక గడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. ఇంకోటి తీశాను. అదీ అంతే.

"కూరలోకి ఎర్రగడ్డలు కొనేటప్పుడు కూడా ఇన్నిసార్లు వాసన చూడరు గదత్తయ్యా మీరు," అంది కోడలు.

ఆ పిల్లకు ఏం చెప్పేది? నెల్లూరులో మా మిద్దె మీద అడుగు పెట్టే చోటు లేకుండా కుండీలున్నాయి. అన్నీ గడ్డల జాతే. మల్లె, కనకాంబరం నేను పెంచను. అవి మంచివి కావని కాదు. ఏడాది పొడుగునా కళ్లముందే ఉంటాయి, వాటితో నాకు పేచీ లేదు, మజా కూడా లేదు. గడ్డ అట్లా కాదు. ఆకులన్నీ పండి రాలిపోయి, కుండీలో మట్టి తప్ప ఇంకేమీ లేనట్టు నెలల తరబడి పడుకుంటుంది. ఉందో పోయిందో చెప్పదు. మనం నమ్మి ఊరుకోవాలి. ఊరుకోవడం నాకు చిన్నప్పుడు బొత్తిగా చేతనయ్యేది కాదు. మా తాత తిట్టి తిట్టి నేర్పాడు.

మా పాళెం మైపాడుకు కాస్త ఉత్తరాన ఉండేది. సముద్రం ఒడ్డున ఇసుకలో పూరిళ్లు, ఇళ్ల ముందు ఆరేసిన వలలు, ఎక్కడ చూసినా ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు, వాటి మీద కాకులు, కాకుల మీదికి రాళ్లు విసిరే మేము. ఎవరింటి ముందైనా ఒక ములగచెట్టో సొరపాదో ఉండేది. మా ఇంటి ముందు మాత్రం వరసగా పగిలిన కుండలు. తాత వేట నుంచి వచ్చి, వల ఆరేసి, మొహమైనా కడుక్కోకుండా ఆ కుండల దగ్గర గొంతుక్కూర్చునేవాడు. పాళెంలో ఆయన్ని గడ్డల మామ అనేవాళ్లు. ఆ మాట ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, తాతకు కోపం ముక్కు మీదే ఉండేది.

సముద్రపు ఇసుకలో పువ్వులేంది అని అందరూ నవ్వేవాళ్లు. నిజమే, ఒడ్డు ఇసుకలో ఉప్పుంటుంది. తాత సరుగుడు తోపు అవతల నుంచి ఇసుక మోసుకొచ్చి, దొరువు నీళ్లతో కడిగేవాడు. దొరువంటే ఇసుకలో తవ్విన నీటి గుంట. సముద్రం పక్కనే ఉన్నా అందులో నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవి. కడిగిన ఇసుకలో కుళ్లిన సరుగుడు ఆకు, మేకపెంట, పొయ్యిలో బూడిద కలిపేవాడు. మా అవ్వ చూసి పళ్లు నూరేది.

"తాగేదానికి నీళ్లు నేను నెత్తిన మోసుకొస్తుంటే ఈయన ఇసక్కి తలంటి పోస్తుండాడు. కూరా కాదు, కాయా కాదు. పోనీ తల్లో పెట్టుకుందామంటే దండకు రాని పువ్వులు. దేనికయ్యా ఇవి?"

"చూసేదానికి," అనేవాడు తాత. ఆ జవాబు అవ్వకు ఇంకా మండేది.

పువ్వులకు తాత తన పేర్లు తనే పెట్టుకున్నాడు. తెల్లగా, కాళ్లు చాపినట్టు పూసేది పీత పువ్వు. చినుకు పడిన మర్నాడే గులాబీ రంగులో గుంపుగా లేచేది వాన పువ్వు. తోపులో దొరికిన నాభి తీగను మాత్రం అందరూ పిలిచినట్టే నాభి అనేవాడు. ఎర్రా పసుపూ కలిసిన దాని రెక్కలు మెలి తిరిగి గోళ్లలా ఉంటాయి. నేనొకసారి వాటిని వేళ్లకు తొడుక్కుని పక్కింటి పిల్లల్ని దెయ్యంలా తరిమాను. తాత నన్ను జుట్టు పట్టుకుని దొరువు దగ్గరికి లాక్కుపోయి, బూడిదతో చేతులు తోమించాడు. ఆ మొక్కంతా విషమేనట. భయపడింది ఆయన, దెబ్బలు తిన్నది నేను.

మా వైపు పెద్ద వానలు కార్తీకంలో పడతాయి. గడ్డలు నిద్రపోయే కాలం కూడా సరిగ్గా అదే. ఆ నిద్రలో తడి తగిలితే కుళ్లిపోతాయి. అందుకని ఆకులు పసుపు తిరగ్గానే తాత గడ్డల్ని తవ్వి, మన్ను దులిపి, చిరిగిన వల ముక్కలో మూట కట్టి పొయ్యి పైన చూరుకు వేలాడదీసేవాడు. పక్కనే అవ్వ వేలాడదీసిన ఎండు చేపల మూట. ఒకే పొగ రెంటికీ పట్టేది. ఎండలు మొదలయ్యాక మూట దించి, ఒక్కొక్క గడ్డనూ బొటనవేలితో నొక్కి చూసేవాడు, చేప పొట్ట నొక్కి తాజాదో కాదో చూసినట్టు. అప్పుడు ఆ గడ్డలకొక వాసన ఉండేది. పొగ, ఉప్పు, నెత్తళ్లు, మన్ను కలిసిన వాసన. నేను అట్టపెట్టెలో వెతికింది దానికోసం.

వాటన్నిటిలోకీ దొరసాని రైలు పువ్వు. గడ్డ నా పిడికిలంత ఉండేది. నెలల తరబడి కుండలో ఏమీ కనపడదు. ఎండలు మండిపోయే రోహిణీ కార్తెలో, ఆకు కూడా లేకుండా, మచ్చల మచ్చల కాడ ఒకటి ఇసుకలోంచి ముక్కు బయట పెడుతుంది. నాలుగు రోజుల్లో దాని తల మీద ఎర్రటి బంతి విచ్చుకుంటుంది. బంతంటే బంతే, వంద చిన్న పువ్వులు కలిసి గుండ్రంగా. వారం, పది రోజులుండి పోతుంది. మళ్లీ ఏడాదికే. నేను ఆగలేక రోజూ వేలు పెట్టి ఇసుక తవ్వి చూసేదాన్ని. "కడుపుతో ఉండే దాన్ని కోసి చూస్తావటే నువ్వు," అని తాత నా చేతి మీద కొట్టేవాడు.

దాన్ని ఇంటికి తెచ్చింది అవ్వే. అవ్వ ఎండు చేపల గంప ఎత్తుకుని నెల్లూరు పోయి, అక్కడ ప్యాసింజరు ఎక్కి బిట్రగుంట రైల్వే కాలనీలో అమ్ముకొచ్చేది. ఆ కాలనీలో ఒక ఇంజను డ్రైవరుగారి భార్య ఇంటి చుట్టూ పూలగడ్డలు పెంచేది. చుట్టరికం లేకున్నా వరస కలిపి అవ్వకు ఆవిడ వదిన, ఆయన అన్న. ఒకసారి ఆవిడ ఒక గడ్డ గంపలో పెట్టి, "మీ ఆయనకు పిచ్చంటివి గదా వదినా, ఇది ఇయ్యి," అని పంపింది. తాత పిచ్చి ముదిరింది అక్కణ్ణుంచే. రైలు వాళ్ల దగ్గర నుంచి వచ్చింది కాబట్టి అది రైలు పువ్వు.

తర్వాత ఆవిడ జ్వరమొచ్చి పోయింది. ఆయన రిటైరై కాలనీ ఇల్లు ఖాళీ చేసి గూడూరులో కూతురి దగ్గరికి చేరాడు. ఇంటి చుట్టూ ఉన్న మొక్కలన్నీ ఎవరి పాలయ్యాయో తెలియదు. భార్య చేతి మొక్క మా ఇంట్లో ఒకటి మిగిలుందని అవ్వ నోట విని, ఆ ఏడు రోహిణీ కార్తెలో మొదటి ఆదివారం వెతుక్కుంటూ మా పాళెం వచ్చాడు. ఇక ప్రతి ఏడూ అదే ఆదివారం వచ్చేవాడు. మేం పిల్లలం రైలు తాత అనేవాళ్లం. సంచి నిండా గూడూరు నిమ్మకాయలు, నాకొక బిస్కెట్ పొట్లం. అవ్వ పుల్ల మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టేది. ఆయన తిని, కుండ ముందర చాప మీద కూర్చుని, పొద్దువాలే దాకా ఆ ఎర్ర బంతిని చూసేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. తాత పక్కనే కూర్చునేవాడు, ఆయనా మాట్లాడేవాడు కాదు. సముద్రమంటే భయం ఆయనకు, వీపు అటు తిప్పి కూర్చునేవాడు. తాత బతుకులో రైలెక్కలేదు. అయినా ఇద్దరికీ ఎట్లా కుదిరిందో కుదిరింది. బస్సు వేళకు ఆయన లేచి, "వస్తా బావా," అనేవాడు. తాత, "మంచిది బావా," అనేవాడు. ఏడాదికి సరిపడా స్నేహం అంతే.

పాళెంలో తాతకు మనుషులు లేక కాదు. కానీ వాళ్లందరికీ వేట, వల, చేప తప్ప వేరే మాట లేదు. గడ్డ గురించి చెబితే నవ్వకుండా వినేది ఆయనొక్కడే. ఆ పువ్వుండబట్టి ఆయన వస్తున్నాడు. అది లేకపోతే గూడూరు నుంచి మా ఇసుకలోకి ఎందుకొస్తాడు? ఈ సంగతి తాత ఎప్పుడూ పైకి అనలేదు గాని మా అందరికీ తెలుసు.

ఒక ఏడు వానలకు ముందు, పడవను ఒడ్డుకు లాగుతుంటే దుంగ జారి తాత కాలి మీద పడింది. ఎముక విరిగింది. నెల్లూరు పెద్దాసుపత్రిలో మంచాన పడేసి, కాలికి బరువు కట్టి పైకి వేలాడదీశారు. గడ్డల మామను కూడా చూరుకు కట్టినారని పాళెంలో ఒకటే నవ్వు. మా నాయన చూడ్డానికి పోతే తాత అడిగేది ఒకటే.

"నా కాలు సంగతి నేను చూసుకుంటా. గడ్డలు తీసినారా లేదా?"

"రైలు పువ్వు ఆకు ఇంకా పచ్చగానే ఉండాది నాయనా."

"అయితే దాన్ని కదిలించబాకండి. పసుపు తిరిగినంకనే తియ్యమని మీ యమ్మకు చెప్పు."

అవ్వ ఆ మాట పట్టుకుంది. ఎన్నడూ ఆ కుండల వైపు పోనిది, రోజూ పొద్దున్నే పోయి ఆకు తిప్పి చూసేది. ఆకు పసుపు తిరిగేలోపలే ముసురు పట్టింది. తర్వాత తుఫాను. గాలికి చూరు లేచిపోతుందేమోనని తాళ్లు కట్టుకుని లోపల కూర్చున్నాం. కాస్త తెరిపిచ్చాక అవ్వ గోనెపట్ట నెత్తిన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, నీళ్లు నిలిచిన కుండల్లో చేతులు పెట్టి గడ్డలు తీసింది. వాన పువ్వువి గట్టిగానే ఉన్నాయి. పీత పువ్వువీ బాగానే ఉన్నాయి. రైలు పువ్వు గడ్డ చేతికి మెత్తగా తగిలింది. ఒక పక్కంతా కుళ్లి కంపు కొడుతోంది.

అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. "ఇదేందే పాపా, నా చేతిలో పొయ్యేటట్టుండాదే ఇది. మా వదిన ఇచ్చింది గదా," అంది. కాసేపటికి ఏదో తట్టినట్టు లేచింది. "ఉండు. ఎట్టా కుళ్లుతుందో నేనూ చూస్తా."

కత్తిపీట ముందు కూర్చుని, చేప పొట్ట శుభ్రం చేసినంత ఒడుపుగా కుళ్లిన భాగమంతా కోసి తీసేసింది. రాళ్లుప్పు దంచింది. పసుపు కలిపింది. గడ్డకు అన్ని వైపులా, పొరల సందుల్లోకి పోయేటట్టు రుద్ది రుద్ది పట్టించింది. మా ఇళ్లల్లో కుళ్లిపోయేదాన్ని నిలబెట్టేది ఉప్పొక్కటే. వేటకు పోలేని నెలల్లో మా కడుపులు నింపింది ఉప్పే. అవ్వకు దేవుడి మీద ఎంత నమ్మకమో ఉప్పు మీద అంత నమ్మకం. ఎండ రాగానే గడ్డను ఇసుక మీద ఆరబెట్టి, కాకి ఎత్తుకుపోకుండా పక్కనే కూర్చుంది. కంపు పోయింది. గడ్డ గట్టిపడింది.

"చూసినావా, రాయి మాదిరైంది. మీ తాత రానీ, చెబుతా. గడ్డలు ఆయనకే తెలుసంటాడే!"

అంత సంతోషంగా అవ్వను నేను తక్కువసార్లు చూశాను.

మాఘమాసంలో తాత కర్ర పట్టుకుని కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. అవ్వ మంచినీళ్లిస్తే తాగకుండా వల మూట దించమన్నాడు. అవ్వ గర్వంగా దించి ముందర పెట్టింది. తాత ఒక్కొక్క గడ్డనూ నొక్కుతూ పోయాడు. రైలు పువ్వు గడ్డ దగ్గర బొటనవేలు ఆగింది. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. వేలు నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఏం మే, ఇది గడ్డా, వంజరం చేపా?"

"కుళ్లిపోతా ఉండింది. కోసి ఉప్పు పెట్టినా."

"ఉప్పా!"

"కుళ్లేదానికి ఉప్పు పెట్టక చక్కెర పెడతారా?"

ఇల్లు ఎగిరిపోతుందని నేను తలుపు చాటుకు పోయాను. తాత అరవలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. చాలా మెల్లగా అన్నాడు. "చేప చచ్చినంక గదా మే మనం ఉప్పు పెట్టేది. ఇది బతికుండె గదా."

ఆ మాట అవ్వకు అర్థమైనంతగా పాళెంలో ఇంకెవరికీ అర్థమై ఉండదు. ఉప్పు ఏం చేస్తుందో ఆమెకు తెలుసు, ఒంట్లో తడినంతా పీల్చేస్తుంది. బిందె తీసుకుని దొరువుకు పోయింది.

తాత ఆ గడ్డను మంచినీళ్లలో నానేశాడు. నీళ్లు ఉప్పెక్కగానే పారబోసి మళ్లీ పోశాడు. పువ్వులకు చెంబుడు నీళ్లిచ్చేదానికి సణిగిన అవ్వ, అడక్కుండానే బిందెల మీద బిందెలు మోసింది. ఇద్దరికీ మాటల్లేవు. పైపొరలన్నీ తోలు ముక్కల్లా ఊడి వచ్చాయి. అన్నీ తీసేస్తే లోపల వెల్లుల్లిపాయంత మిగిలింది, వేళ్లొచ్చే కిందిభాగం మాత్రం తెల్లగా, తడిగా. తాత దాన్ని కొత్త కుండలో పెట్టాడు. ఇక చెయ్యగలిగింది లేదు. ఎండలు ముదిరాయి. వేలు పెట్టి తవ్వి చూడాలని నాకు ప్రాణం పీకేది గాని ఆ ఏడు నేను ముట్టుకోలేదు. రోహిణీ కార్తె ముందర ఇసుకలోంచి ఒకటి లేచింది. పరుగెత్తుకుపోయి చూస్తే చిటికెన వేలంత ఆకు. ఆకు ముందొచ్చిందంటే ఆ ఏడుకు పువ్వు లేనట్టే.

"బతికింది," అన్నాడు తాత.

"ఆదివారం అన్నకు ఏం చెబుతావు?" అంది అవ్వ. చాలా రోజులకు ఆమె ఆయనతో అన్న మొదటి మాట.

తాత ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. ఈ ఏడు ఎండలు ముందొచ్చినాయి, పువ్వు ముందే పూసి రాలిపోయింది, ఇంత పెద్దది పూసింది అని చెప్పాలి. నాకు కూడా నేర్పాడు. ఎంత పెద్దది అని అడిగితే నేను చేతులు చాచి చూపించాలి. నాకు ఈ పని భలే నచ్చింది. గుమ్మడికాయంత చూపించడం సాధన చేశాను. "అంతొద్దు, నమ్మడు," అని తాత నా చేతులు దగ్గరికి జరిపాడు. అవ్వ నెత్తళ్లు బాగు చేసుకుంటూ ఊరికే విన్నది.

ఆదివారం రైలు తాత వచ్చాడు. ఆ ఏడు బాగా చిక్కిపోయాడు. నిమ్మకాయల సంచి నా చేతికిచ్చి నేరుగా కుండ దగ్గరికి నడిచాడు. ఎర్ర బంతి ఉండాల్సిన చోట సన్నని ఆకు ఒకటి ఉంది. ఆయన కండువాతో మొహం తుడుచుకుని మళ్లీ చూశాడు.

తాత గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడు ఎండలు ముందొచ్చినాయి గదా బావా..."

నేను చేతులు సిద్ధం చేసుకున్నాను.

"పూసిందీ లేదు, రాలిందీ లేదన్నా," అంది అవ్వ గడపలోంచి. "గడ్డ కుళ్లుతుంటే చేపకు పెట్టినట్టు ఉప్పు పెట్టినా నేను. మా వదిన పువ్వును నేనే చంపుకున్నా. ఈయన అబద్ధం చెప్పబోతుండాడు, వినబాకు."

తాత తల దించుకున్నాడు. రైలు తాత అవ్వ వైపు చూసి, కుండ వైపు చూసి, ప్రతి ఏడూ కూర్చునే చోట చాప మీద కూర్చున్నాడు. కూర్చున్నాడే గాని చూసేదానికి ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆయన ఇప్పుడే లేచి బస్సుకు పోతాడని, మళ్లీ రాడని నాకు ఏడుపొచ్చింది. పోనీ తిట్టినా బాగుండేది.

ఆ మౌనం అవ్వ వల్ల కాలేదు. వచ్చి చాప చివర కూలబడింది. "మా వదినుంటే ఈపాటికి నన్ను చీపురు తిరగేసి కొట్టుండేది," అంది.

రైలు తాత తలెత్తాడు. "ఎవరు? మా యావిడా? ఆమె గట్టిగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదే చెల్లెమ్మా."

"నీ ముందర మాట్లాడేది కాదులే అన్నా. నువ్వు డ్యూటీకి పోయినంక వచ్చి చూడాల. నెత్తళ్లు బేరం చేస్తే కాలనీ అంతా వినపడేది. ఒకసారి నా గంపే లాక్కుంది."

ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత నవ్వాడు. ఆయన నవ్వు అదివరకు మేం వినలేదు, రైలు కూతలా సన్నగా ఉంది.

"అంత బేరం చేసి కొనేది గదా, తినేది కాదు," అంది అవ్వ. "ఎండు చేప కంపు ఆమెకు పడేది కాదు. పైటకొంగు ముక్కుకు కట్టుకుని వండేది."

"నాతో కూర్చుని తినేదే!"

"తినేది కాదన్నా. కలిపేది. నువ్వు లేచినంక పిల్లికేసేది. నువ్వు ఇష్టంగా తింటావని కొనేది."

రైలు తాత అవ్వ వైపు తిరిగి కూర్చున్నాడు. "ఇంకా?" అన్నాడు.

అంతే, అవ్వ మొదలుపెట్టింది. ఆమె ఆగలేదు, ఆయన ఆగనివ్వలేదు. గడ్డలకు నీళ్లు చాలక వదిన రైల్వే కుళాయి దగ్గర చేసిన దొంగతనాలు చెప్పింది. పక్కింటి మేకతో పెట్టుకున్న యుద్ధం చెప్పింది. తాత చాప దగ్గరికి జరిగి వింటున్నాడు. నేను బిస్కెట్లు తినడం మరిచిపోయాను. పొయ్యి మీద పులుసు అడుగంటింది, ఎవరూ లేవలేదు.

"అన్నిటికన్నా ఆ కూత సంగతి," అంది అవ్వ. "మేమిద్దరం గుమ్మంలో కూర్చుని మాట్లాడతా ఉంటామా, దూరంగా ఇంజను కూసేది. రోజుకు ఎన్ని ఇంజన్లు కూస్తాయి ఆడ! మాకన్నీ ఒకటే. ఆమె మాత్రం మాట మధ్యలో ఆపేసి, 'మా ఆయన వచ్చేసినాడు వదినా,' అని లోపలికి పరిగెత్తేది. ఎసట్లో బియ్యం పోసేది. నువ్వు షెడ్డులో బండి పెట్టి, నడిచొచ్చి కాళ్లు కడుక్కునేటప్పటికి అన్నం ఉడికేది. ఎంత కొంపలంటుకునే మాటైనా సరే, నీ కూత వినపడితే ఇంక నాతో పనిలేదు ఆమెకు."

రైలు తాత భుజం మీది కండువా చేతిలోకి తీసుకుంటూ అన్నాడు. "నేనెప్పుడు పోయినా అన్నం వేడిగా ఉండేది చెల్లెమ్మా. ఏ వేళకు పోయినా. ఎట్టా ఉంటుందని ఒక్కనాడైనా అడగలేదు నేను." కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పెద్ద మనిషి అట్లా ఏడవడం నేనదే మొదటిసారి చూడటం. అవ్వ కూడా ఏడ్చింది. తాత మాత్రం కుండలో లేని కలుపు పీకుతూ కూర్చున్నాడు.

ఎప్పుడూ పోయే బస్సు పోయింది. చివరి బస్సుకు మేమంతా ఆయన వెంట రోడ్డు దాకా నడిచాం. "కూతురి ఇంట్లో అందరూ మంచివాళ్లే, కాని మా యావిడ మాటెత్తితే నేను బాధపడతానని ఎవరూ ఎత్తరు," అన్నాడు దారిలో.

"మళ్లీ ఏడు పూస్తుందో లేదో బావా," అన్నాడు తాత.

"పూయకపోతే మాత్రం?" అని బస్సెక్కాడు.

మళ్లీ ఏడు పూయలేదు. ఆయన వచ్చాడు. ఆ పై ఏడూ పూయలేదు, ఆయన వచ్చాడు. అవ్వ దగ్గర చెప్పేందుకు ఏదో ఒకటి ఉండేది. చెప్పినవే మళ్లీ చెప్పినా ఆయన కొత్తగా వినేవాడు. తాత కూడా ఆ రెండేళ్లలో పది మాటలు నేర్చుకున్నాడు. ఆ ఆదివారం పొద్దున్నుంచే అవ్వ ఇల్లలికి, చాప దులిపి వేసేది. కుండలో ఏముందో చూసేది కూడా కాదు.

ఇప్పుడా పాళెం ఉన్న చోట రొయ్యల గుంటలున్నాయి. దొరువుల్లో నీళ్లు ఉప్పెక్కాయి, ఇసుక కడిగేదానికి కాదు గదా, కాళ్లు కడుక్కునేదానికి కూడా పనికిరావు. తాత, అవ్వ పోయి చాలా కాలమైంది. వాళ్లను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పూయని ఏళ్ల తర్వాతి ఏడు.

ఆ ఏడు ఇసుకలోంచి మచ్చల కాడ లేచింది. తాత పాళెమంతా వినపడేటట్టు నన్ను పిలిచాడు. నాలుగు రోజులకు ఎర్ర బంతి విచ్చుకుంది, మునుపటికన్నా చిన్నది, కాని ఎరుపులో ఏ లోటూ లేదు. ఆదివారం అవ్వ పులుసు పెట్టి చాప వేసింది. బస్సు వచ్చింది, పోయింది. సాయంత్రం బస్సు కూడా పోయింది. రెండు రోజుల తర్వాత నాయన గూడూరు పోయి కనుక్కుని వచ్చాడు. శివరాత్రి నాడు రైలు తాత పోయాడట. నిద్రలోనే పోయాడట.

తాత పడవ చాటుకు పోయి కూర్చున్నాడు. అవ్వ ఏడవలేదు. ఎండలో, గరిటె చేతిలో ఉండగానే పోయి ఆ కుండ ముందర నిలబడింది. పువ్వు గాలికి కొంచెం ఊగుతోంది.

"ఇప్పుడొచ్చినావా తల్లీ?" అంది దాంతో. "నువ్వు రాకుండా ఉంటేనే బాగుండె. నువ్వు లేనన్నాళ్లూ మడిసి వచ్చి మాట్లాడతా ఉండె."